ఆరో జంపుకి తెల్లజెండా

పొద్దున్నే అక్క ఫోన్ చేసి ఆ మాట చెప్పకపోయి ఉంటే, క్లిక్కమ్మ ఆ రోజు కూడా ఎప్పటిలాగే ఇసుకగుంట కొసన పొట్టి స్టూలు మీద కూర్చుని, ఎగిరి వచ్చేవాళ్ల ముఖాలు ఫొటోలు తీసుకుని ఇంటికి పోయేది.

"ఒసే, చెప్పడం మర్చిపోయాను. బుజ్జిదాని సీటు దాదాపు ఖాయమేనే," అంది అక్క. బుజ్జిదంటే అక్క మనవరాలు, కూతురి కూతురు. పదమూడేళ్ల పిల్ల, కాళ్లు తప్ప ఒళ్లు లేదు. "ఆ లాంగ్‌జంప్ కోచ్ లేడూ, ఆయన ట్రైనింగ్ సెంటర్లో. ఏడాదికి నలుగుర్ని తీసుకుంటాడట, వందమంది ఆయన చుట్టూ తిరుగుతున్నారట. అలాంటిది ఆయనే ఫోన్ చేసి పిల్లని తీసుకురమ్మన్నాడు."

"ఆయనే చేశాడా? బావగారేమన్నా మాట్లాడారా?"

"మీ బావ నాతో ఏం చెప్పి చచ్చారు గనక! అడిగితే 'చూద్దాంలే' అన్నారు. ఆయన నోట చూద్దామనే మాట రావడమే గొప్ప. నువ్వు వెళ్లి అడక్కు. నీ నోట్లో అసలే నువ్వుగింజ నానదు."

క్లిక్కమ్మ ఫోన్ పెట్టేసి, కెమెరా సంచీ సర్దుకుంటూ ఆ 'చూద్దాంలే' దగ్గరే ఆగిపోయింది. ఆ కోచ్ శిష్యురాలు ఇవాళ ఫైనల్లో జంప్ చేస్తుంది. బావగారు ఇవాళ అక్కడే డ్యూటీలో ఉంటాడు. ఈ రెండు సంగతులూ చెరో పక్కనుంచి వచ్చి ఆమె మనసులో ఒకేచోట కూర్చున్నాయి.

ఆ ఇండోర్ హాల్లో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. ఇరవై రెండేళ్లుగా అక్కడి పరుగులూ జంపులూ ఫొటోలు తీస్తోంది. ఎప్పుడు ఎవరు అన్నారో గానీ, క్లిక్కమ్మ అనే పేరు అతుక్కుపోయింది. అక్కడ ఫొటో తీయడం అంత తేలికేమీ కాదు. ఫ్లాష్ వేయనివ్వరు. పైకప్పుకి ఉన్న దీపాలు మన కంటికి వెలుగే గానీ, సెకనులో వెయ్యోవంతు కాలం తెరుచుకుని మూసుకునే కెమెరాకి అది చీకటి కిందే లెక్క. అరవై మీటర్ల పరుగు ఎనిమిది సెకన్లలో అయిపోతుంది, పరుగెత్తినవాళ్లు ఆగలేక ఎదురుగోడకి కట్టిన పరుపుల్లోకి దబ్బున పడతారు. కొత్తవాళ్లు ముగింపు గీత దగ్గర కాచుకుంటారు. క్లిక్కమ్మ పరుపుల పక్కన కూర్చుంటుంది. పరుపులో పడి లేచేటప్పుడే మనిషి అసలు ముఖం బయటపడుతుందని ఆమె నమ్మకం. ముఖం చూస్తే మనిషిని చదివేయగలనని కాస్త పొగరు కూడా ఉంది. ఉండకూడదా అంటే, ఉండొచ్చు. అందరికీ ఏదో ఒక పొగరు ఉంటుంది.

ఆమెని ఆ హాల్లోకి మొదట తీసుకొచ్చింది బావగారే. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లుగా లాంగ్‌జంప్ దగ్గర కుర్చీ వేసుకుని, ఒళ్లో ఒక తెల్లజెండా, ఒక ఎర్రజెండా పెట్టుకుని కూర్చుంటాడు. పరుగెత్తుకొచ్చినవాళ్లు తెల్లటి చెక్కపలక మీద కాలు వేసి ఎగరాలి. పలక అంచు దాటకూడదు. ఆ అంచున ప్లాస్టిసిన్ అనే మెత్తటి ముద్దని సన్నగా పరిచి ఉంచుతారు. బూటు కొస దాటితే అందులో గాటు పడుతుంది. గాటు పడిందా, ఎర్రజెండా. లేదా, తెల్లజెండా. తరవాత కత్తితో ఆ ముద్దని నున్నగా చదును చేసేస్తారు. చాలాచోట్ల ఇప్పుడు దీనికి వీడియోలు వచ్చాయి. ఈ హాలుకి ఇంకా ఆ భాగ్యం పట్టలేదు, ఇక్కడ బావగారి కళ్లే వీడియో. 'గీత గీతే' అనేది ఆయన ఊతపదం. అందుకే అందరూ గీత మాస్టారంటారు.

ఒకసారి సొంత కూతురి జంపుకే ఎర్రజెండా ఎత్తాడు. గోరంత తేడా. ఆ పిల్ల మూడు నెలలు తండ్రితో మాట్లాడలేదు, జంపులే మానేసి పెళ్లి చేసుకుంది. అక్క ఆ సంగతి ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. బావగారు విని ఊరుకుంటాడు. నిప్పులాంటి మనిషని అందరూ అంటారు గానీ, నిప్పుతో కాపురం చేసేవాళ్లకి గదా తెలిసేది.

అలాంటి మనిషి 'చూద్దాంలే' అన్నాడు.

హాలు గుమ్మంలో గోడకి డ్యూటీల కాగితం అంటించి ఉంది. షాట్‌పుట్ కింద అచ్చులో ఉన్న బావగారి పేరుని పెన్నుతో కొట్టేశారు. లాంగ్‌జంప్ కింద చేత్తో రాశారు. క్లిక్కమ్మ ఆ కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదివింది. మూడోసారి చదవడానికి కళ్లద్దాలు కూడా తుడుచుకుంది.

స్టూలు తెచ్చుకోవడానికి సామాన్ల గదికి వెళ్లింది. తలుపు ఓరగా ఉంది. హర్డిల్స్ దొంతరల వెనక ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. "మీ ఇష్టం మాస్టారూ. నా వైపు నుంచి మాత్రం మాట మాటే," అంటున్నాడు కోచ్. ఆమె అడుగుల చప్పుడికి మాట తెగింది.

"ఏం మరదలా, స్టూలు కోసమా?" అన్నాడు బావగారు. ఆ గొంతులో హుషారు కాస్త ఎక్కువైందని ఆమెకి అనిపించింది.

"అవును బావగారూ. మీ రహస్యాలకి అడ్డొచ్చానా?"

"రహస్యాలు చెప్పుకునే వయసా మాది! మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకుంటున్నాం."

కోచ్ నవ్వలేదు. తల వంచుకుని ఆమె పక్కనుంచి బయటికి పోయాడు. మోకాళ్ల నొప్పులకి మాట మాటే అనడమేమిటి? క్లిక్కమ్మ స్టూలు చంకన పెట్టుకుని వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం ఆమె తన చోటు మార్చేసింది. రోజూ కూర్చునే ఇసుకగుంట కొస వదిలేసి, పరుగుబాట పక్కన, పలకకి సరిగ్గా అడ్డంగా స్టూలు వేసుకుంది. అక్కడ కూర్చుంటే ముఖాలు పడవు. కాళ్లు పడతాయి, పలక పడుతుంది, దాని వెనక మసగ్గా జెండాల మనిషి పడతాడు. మంచి ఫొటోలకి పనికొచ్చే చోటు కాదని ఆమెకి తెలుసు. ఆ రోజు ఆమె ఫొటోల కోసం కూర్చోలేదు.

"అక్కడ కూర్చున్నావేం?" అని బావగారు దూరం నుంచే చెయ్యి తిప్పాడు.

"మార్పు కోసం!" అని అరిచింది.

ఫైనల్లో ఎనిమిదిమంది ఆడపిల్లలు. ఒక్కొక్కరికి ఆరు జంపులు, వాటిలో అన్నిటికన్నా దూరం పోయిందే లెక్క. మొదటి స్థానం వచ్చిన ఒక్కర్నే పై స్థాయి మీట్‌కి పంపుతారు. పోటీ అంతా ఇద్దరి మధ్యే అని మూడో జంపుకే తేలిపోయింది. ఒకరు కోచ్ శిష్యురాలు, అందరూ పొడుగుపిల్ల అంటారు. ఇంకొకరు రింగుల జుట్టు పిల్ల, తండ్రి తప్ప వెనక ఎవరూ లేరు. ఆ తండ్రే కోచు, ఆ తండ్రే డ్రైవరు, నీళ్ల సీసా అందించేది కూడా ఆయనే. ఐదో జంపులు అయ్యేసరికి రింగుల జుట్టు పిల్ల ముందుంది. పొడుగుపిల్ల ఐదో జంపుకి బావగారు ఎర్రజెండా ఎత్తాడు. ఆ పిల్ల ఇసుకని ఒక్క తన్ను తన్ని బెంచీ దగ్గరికి పోయింది. అక్కడ ఏం చేసిందో క్లిక్కమ్మ చూడలేదు, ఆమె చూపంతా కుర్చీ మీదే ఉంది. బావగారు వంగి చూసి, కత్తితో ప్లాస్టిసిన్ చదును చేయించి, మళ్లీ జెండాలు ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆహా, ఐదోదానికి ఎర్రజెండా ఎత్తి పేరు నిలబెట్టుకున్నాడు, అనుకుంది ఆమె. ఇక ఆరోదానికి ఎవరూ అడగరు. మనసు ఒకసారి ఒక దారిన పడ్డాక కనిపించినదాన్నల్లా ఆ దారికే ఈడ్చుకుపోతుంది గదా.

ఆరో జంపు. మిగతా అందరివీ అయిపోయాయి, వాటిలో ఒక్కటీ క్లిక్కమ్మ తీయలేదు. పొడుగుపిల్ల పరుగు మొదలుపెట్టగానే జనం చప్పట్లతో తాళం వేశారు. పరుగుబాట చెక్క ఆ పిల్ల కాళ్ల కింద టకటకా మోగింది. క్లిక్కమ్మ చూపుడువేలు వదలకుండా కెమెరా నొక్కి పట్టుకుంది. పిల్ల గాల్లోకి లేచి చేతులు ముందుకి చాచి ఇసుకలో పడింది. క్లిక్కమ్మ పెద్ద కెమెరా వదిలేసి, మెళ్లో వేలాడే చిన్న కెమెరాతో ఇసుక దులుపుకుంటున్న పిల్లని మూడు ఫొటోలు తీసింది. తెల్లజెండా లేచింది. టేపు పరిచారు. రింగుల జుట్టు పిల్లకన్నా రెండు సెంటీమీటర్లు ఎక్కువ. పొడుగుపిల్ల మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది. అవతలి పక్కనుంచి కోచ్ బావగారి వైపు చూసి తల ఊపాడు. బావగారు తల దించుకున్నాడు.

చాలు, ఇంకేం కావాలి.

ఫలితం చదివాక అభ్యంతరం చెప్పుకోవడానికి ముప్పై నిమిషాలు గడువుంటుంది. పత్రికలకి ఫొటోలు పంపడానికి క్లిక్కమ్మకీ అంతే. కానీ ఆమె పత్రికల్ని మర్చిపోయింది. ప్రెస్ బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి, పెద్ద కెమెరాలో ఉన్నదంతా ఒకే ఫోల్డర్‌లో కుమ్మరించింది. వరసగా బొమ్మలు పరుచుకున్నాయి. పైవి ఎప్పుడూ ప్రాక్టీసు జంపులే గనక వాటిని చూడకుండా జరజరా అడుక్కి పోయింది. చిట్టచివర్న పొడుగుపిల్ల జంపు. పన్నెండు ఫొటోలు. వాటిలో ఒక ఫొటో దగ్గర ఆగి పెద్దది చేసింది.

బూటు కొస తెల్లపలక దాటి ముద్దలోకి దిగి ఉంది. అంగుళంలో పావు కూడా ఉండదు, కానీ దిగింది. వెనక మసగ్గా బావగారు, రెండు జెండాలూ ఒళ్లోనే.

క్లిక్కమ్మకి గెలిచినట్టు అనిపించింది. మరుక్షణం ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఈ మనిషి పేరు చెప్పుకుని గదా ఈ హాల్లో తల ఎత్తుకు తిరిగింది తను. ఫలితం మీద ఆఖరి మాట చెప్పే రిఫరీ మేడమ్ దగ్గరికి నేరుగా పోదామా అనుకుంది. అక్క ముఖం గుర్తొచ్చింది. ల్యాప్‌టాప్ మూయకుండానే ఎత్తుకుని అఫీషియల్స్ గదికి పోయింది.

బావగారు ఒక్కడే కూర్చుని బూట్లలో ఇసుక దులుపుకుంటున్నాడు.

"ఇదేంటి బావగారూ?" అని బల్ల మీద పెట్టింది.

"ఏది?"

"ఆరో జంపు. మీరు తెల్లజెండా ఎత్తింది. చూడండి."

ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయనకి బూటు కొస చూడటమే అలవాటు. దానికి పైన కాలుందో, మనిషుందో పట్టించుకోడు. ఇప్పుడూ ఆ కొసే చూశాడు. చాలాసేపు చూశాడు. క్లిక్కమ్మ ఆయన ముఖం చూస్తూ నిలబడింది. తడబడతాడనుకుంది, కోప్పడతాడనుకుంది, నీకెందుకే అంటాడనుకుంది. మనుషుల్ని చదవగలదు గదా! ఆ ముఖంలో రంగు మెల్లగా దిగిపోవడం ఒక్కటే ఆమెకి కనిపించింది.

"నాకు కాలు గీత వెనకే కనిపించిందే," అన్నాడు. "స్పష్టంగా వెనకే కనిపించింది మరదలా."

"ఫొటో ఇంకోలా చెబుతోంది."

"అవును, చెబుతోంది." ఆయన లేచాడు. ఒక కాలికి బూటు లేదు. "ఎంత టైముంది?"

"ఎందుకు?"

"అభ్యంతరానికి. ఎంతుంది?"

"పదిహేడు నిమిషాలు."

ఆయన రెండో బూటు తొడుక్కుని, లేసులు కట్టుకోకుండానే రిఫరీ బల్ల దగ్గరికి నడిచాడు. క్లిక్కమ్మ వెనకే పరుగెత్తింది. రిఫరీ మేడమ్ కాఫీ తాగుతోంది. బావగారు చేతులు కట్టుకుని నిలబడి, బళ్లో పిల్లాడు తప్పు ఒప్పుకున్నట్టు ఒక్క ముక్కలో చెప్పేశాడు. "ఆరో జంపు ఫౌల్ అమ్మా. నేను పొరపడ్డాను. ఫొటో ఉంది."

మేడమ్ ఫొటో చూసింది, ఆయన్ని చూసింది. "మాస్టారూ, మీరా!" అని మాత్రం అంది.

మైకులో ఫలితం మార్చి చదివారు. రింగుల జుట్టు పిల్ల కేకపెట్టి తండ్రి మెడకి చుట్టుకుంది. నీళ్ల సీసా దొర్లిపోయింది. పొడుగుపిల్ల బెంచీ మీద కూర్చుని, తువ్వాలు తల మీద కప్పుకుంది. భుజాలు అదురుతున్నాయి. క్లిక్కమ్మ చేతులు వాటంతటవే చిన్న కెమెరా ఎత్తి ఆ ఫొటో తీశాయి. ఆ వృత్తే అంత, సిగ్గు తరవాత వస్తుంది.

కోచ్ గొడవ చేస్తాడని ఆమె కాచుకుంది. బేరం చెడిన మనిషి ఊరుకోడు గదా. ఆయన నెమ్మదిగా వచ్చి రిఫరీ బల్ల ముందు నిలబడ్డాడు. "మాస్టారు ఫౌలన్నారంటే ఫౌలే. మేము అప్పీల్ చేయం," అని సంతకం పెట్టి, పిల్ల దగ్గరికి పోయాడు. క్లిక్కమ్మకి మొదటిసారి కాళ్ల కింద నేల కాస్త కదిలినట్టయింది. ఇది నటన అయితే చాలా గొప్ప నటన.

ప్రెస్ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎలాగూ పని పని గదా, పంపాల్సినవి పంపాలి. ఏడుస్తున్న పిల్ల ఫొటో తెరిచింది. తువ్వాలు, ముడుచుకున్న భుజాలు, ఇసుక అంటిన మోకాళ్లు. పక్కన సంచీ మీద, మోకాలికి తొడుక్కునే నల్లటి నీక్యాప్ ఒకటి.

ఆ నీక్యాప్ దగ్గర చూపు ఆగింది.

ఫౌల్ ఫొటో తెరిచింది. కుడి మోకాలికి నల్లటి నీక్యాప్ ఉంది. సరే, జంప్ అయిపోయాక తీసేసి ఉంటుంది. ఉంటుందా? చిన్న కెమెరాలో వెనక్కి పోయింది. ఆరో జంపు అయిన వెంటనే, ఇసుకలోంచి లేస్తూ చేతులెత్తిన పిల్ల. రెండు మోకాళ్లూ ఖాళీ. ఇసుక నేరుగా చర్మానికే అంటుకుని ఉంది.

ఫౌల్ ఫొటో నంబరు చూసింది.

కెమెరా తీసిన ప్రతి ఫొటోకీ ఒక నంబరు వేసుకుంటుంది. తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది దాటాక పదివేలు వేయదు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. వాటిని ఒకేచోట కుమ్మరించి నంబరు ప్రకారం పరిస్తే, అన్నిటికన్నా చివర తీసినవి అన్నిటికన్నా పైకి పోయి కూర్చుంటాయి. ఇది ఏడాదికి మూడు నాలుగుసార్లు జరిగే సంగతే. చిన్నపిల్లల్లాంటి కొత్త ఫొటోగ్రాఫర్లకి ఈ మాట నేర్పేది కూడా క్లిక్కమ్మే. 'ముందు టైము చూడండ్రా, నంబర్ని నమ్మకండి' అని నెత్తిన మొట్టి మరీ చెబుతుంది. ఆమె బొమ్మల పైకొసకి పోయింది. ప్రాక్టీసు జంపులు అనుకుని వదిలేసినవి ప్రాక్టీసువి కావు. ఒకటో నంబరు, రెండో నంబరు, అలా ఇరవై దాకా. నీక్యాప్ లేని పొడుగుపిల్ల. బూటు కొస పలక మీద, అంచుకి వేలెడు వెనక. నిక్షేపంగా, హాయిగా వెనక.

ఆమె బావగారికి చూపించింది ఐదో జంపు. ఆయన అప్పుడే ఎర్రజెండా ఎత్తేసిన జంపు.

గడియారం చూసింది. నాలుగు నిమిషాలుంది. నలభై ఆరేళ్ల మనిషి, కింద కూర్చుంటే లేవడానికి రెండు చేతులూ ఆనించే మనిషి, ల్యాప్‌టాప్ గుండెకి అదుముకుని ట్రాక్ అడ్డంగా పరుగెత్తింది. ఎవరో అరిచారు. ఆమెకి వినపడలేదు.

"మేడమ్, తప్పు నాది! అది ఐదోది! ఆరోది కాదు!"

రిఫరీ మేడమ్ నిదానస్తురాలు. అయినా గొంతు లేచింది. "గంటలో మూడుసార్లు ఫలితం చదవమంటారా నన్ను? ఇదేమన్నా మ్యూజికల్ చెయిర్సా?" కానీ ఫొటోలు చూసింది. టైములు చూసింది, నీక్యాప్ చూసింది, మళ్లీ టైములు చూసింది. "మాస్టార్ని పిలవండి."

బావగారు వచ్చాడు. ఆయనకి ఒక్క ఫొటో కూడా చూపించకుండా మేడమ్ అడిగింది. "మాస్టారూ, ఫొటోలు వదిలేయండి. ఆరో జంపు మీ కంటితో చూశారు గదా. ఏం చూశారో చెప్పండి. మీ మాట చాలు నాకు."

ఆయన చూపు పలక వైపు పోయింది. అక్కడ ఇప్పుడు ఏమీ లేదు, పోటీ అవగానే ముద్ద గీకి తీసేశారు.

"చెప్పలేనమ్మా," అన్నాడు. "ఇప్పుడు నాకు తెలీదు."

ఫొటోల మీదే ఫలితం మళ్లీ మార్చారు. పొడుగుపిల్ల నమ్మలేక మైకు వైపే చూస్తూ నిలబడింది, సంతోషపడటానికి కూడా భయపడింది. రింగుల జుట్టు పిల్ల మాత్రం ఏడవలేదు. పదమూడు నిమిషాలు గెలిచిన పిల్ల. నడిచి వచ్చి క్లిక్కమ్మ ముందు నిలబడి, "ఆంటీ, మీరు ముందే సరిగ్గా చూసుంటే నేను ఒక్కసారే ఓడిపోయేదాన్ని గదా," అంది. అందులో తిట్టు ఏమీ లేదు. తండ్రి ఆ పిల్ల భుజం పట్టుకుని తీసుకుపోయాడు. అంత సిగ్గు క్లిక్కమ్మ పుట్టి ఎరగదు.

బావగారు పార్కింగ్‌లో స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. తాళం చేతిలోనే ఉంది, స్టార్ట్ చేయలేదు. ఆమె దగ్గరికి వెళ్లి దాచుకోకుండా చెప్పేసింది. అక్క ఫోను, డ్యూటీ కాగితం, సామాన్ల గది, తల ఊపడం, చోటు మార్చుకోవడం, అన్నీ.

"బుజ్జిదాని సీటు కోసం చేశారనుకున్నాను బావగారూ. నన్ను చెప్పుచ్చుకు కొట్టండి."

"అదా!" ఆయన నిజంగానే నవ్వాడు. "ఆ సీటు వద్దని చెప్పడానికే పొద్దున పిలిచాను ఆ కోచ్‌ని. నేను జెండాలు పట్టుకున్నంత కాలం పిల్లని ఆయన దగ్గరికి పంపేది లేదన్నాను. ఎప్పుడు పంపినా సీటుంటుంది, నా మాట మాటే అన్నాడు పాపం. మీ అక్కకి ఇంకా చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నీకు తెలుసుగా."

"మరి షాట్‌పుట్ డ్యూటీ?"

"ఆ ఇనపగుండ్లు ఎత్తి దించే ఒళ్లా నాది? మోకాళ్ల నొప్పులని చెప్పానా లేదా నీకు?"

ఆమె ఏడ్చింది. ఆయన కాసేపు ఏడవనిచ్చాడు.

"చూడు మరదలా. నువ్వు అనుమానపడ్డావని నాకేం లేదు. ఆ మాటకొస్తే సొంత పెళ్లామే అనుమానిస్తుంది నన్ను. తప్పు ఫొటో చూపించావనీ కాదు. ఆ పిల్ల కాలు గీత వెనక ఉండటం నేను చూశాను. నువ్వు ఇక్కడ నిలబడి ఉండటం ఎంత నిజమో అంత నిజంగా చూశాను. అయినా నువ్వు ఆ పెట్టె తెరవగానే నా కన్నే తప్పనుకున్నాను. 'ఇంకోసారి చూడు, అది ఆరోదేనా' అని ఒక్క మాట అడగలేదు. ముప్పై ఏళ్లలో ఎవరెంత అరిచినా జెండా మార్చని మనిషిని. ఇవాళ ఒక్క నిమిషంలో మార్చేశాను."

"ఫొటో చూస్తే ఎవరైనా నమ్ముతారు బావగారూ."

"ఎవరైనా నమ్మొచ్చు. జెండా పట్టుకున్నవాడు నమ్మకూడదు." ఆయన స్కూటర్ దిగి, స్టాండు వేసి, మళ్లీ ఎక్కాడు. ఎందుకు దిగాడో ఆయనకే తెలిసినట్టు లేదు. "మేడమ్‌కి జెండాలు ఇచ్చేశాను. ఇక కూర్చోను."

"ఇచ్చేశారా? అదేంటి, నా తప్పుకి మీరు..."

"ఆవిడ 'మీ మాట చాలు' అంది విన్నావా? అప్పుడు నా దగ్గర మాట లేదు."

ఆమె ఎంతో చెప్పింది. బతిమాలింది, తిట్టింది, అక్కతో చెబుతానంది. ఆయన అన్నీ విని, హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మూడు నెలల తరవాత అదే హాల్లో ఇంకో మీట్ జరిగింది. లాంగ్‌జంప్ కుర్చీలో ఎవరో కుర్రమనిషి కూర్చున్నాడు, ఒళ్లో రెండు జెండాలతో. క్లిక్కమ్మ ఇసుకగుంట కొసకి తిరిగి వచ్చేసింది. బావగారు ప్రేక్షకుల్లో, రెండో వరసలో ఉన్నాడు. పక్కన బుజ్జిది, కోచ్ సెంటర్ వాళ్లిచ్చిన ట్రాక్‌సూట్‌లో. అక్క సంతోషంగా అందరికీ పల్లీలు పంచుతోంది. ఆమెకి కావలసింది దొరికింది, ఇక ఎలా దొరికిందని అడిగే మనిషి కాదు.

ఎవరో పిల్ల పరుగెత్తుకొచ్చి జంప్ చేసింది. మంచి జంపే. కుర్రాడు తెల్లజెండా ఎత్తాడు. జనం చప్పట్లు కొట్టారు. క్లిక్కమ్మ కెమెరా దించి వరసల వైపు చూసింది. బావగారు చప్పట్లు కొట్టడం లేదు. ముందుకి వంగి, కళ్లద్దాలు తీసి పట్టుకుని, ఆమె వైపే చూస్తున్నాడు. సరిగ్గానే ఉందా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

ఇసుకగుంట కొస నుంచి తనకి ముఖం తప్ప కాలు కనిపించలేదని చెప్పడం ఎలాగో ఆమెకి తెలియలేదు. తల ఊపింది. ఆయన కుదుటపడి కళ్లద్దాలు పెట్టుకున్నాడు.